ఓపెన్ సోర్స్‌లో ‘డన్ బై’లు బోలెడు.. ‘చెక్డ్ బై’లు ఏరి?

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వైపు ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే, ఒకసారి బ్యాచ్ రికార్డ్ గురించి అడిగి చూడండి. ముఖ్యమైన ప్రతి స్టెప్ పక్కన రెండు సంతకాలు ఉంటాయని చెప్తారు. ఒకటి ‘డన్ బై’, రెండోది ‘చెక్డ్ బై’. మెటీరియల్ తూకం వేసినవాళ్లు సంతకం పెడితే సరిపోదు. పక్కన నిలబడి చూసినవాళ్లు కూడా పెట్టాలి. అది లేకపోతే బ్యాచ్ ముందుకు కదలదు.

ముత్తంగి మీదుగా వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారి మీద పొద్దున్నే ఈ కంపెనీల బస్సులూ, రుద్రారం, కంది, సంగారెడ్డి వైపు కాలేజీ బస్సులూ పక్కపక్కనే వెళ్తుంటాయి. కాలేజీ బస్సులో కూర్చున్నవాళ్లకి ఫస్టియర్ నుంచీ వినిపించే సలహా ఒకటుంది: “ఓపెన్ సోర్స్‌కి కాంట్రిబ్యూట్ చెయ్, రెజ్యూమెకి బావుంటుంది.” సలహా మంచిదే. కానీ పక్క బస్సులో వెళ్లేవాళ్లకి మొదటి రోజే నేర్పే విషయం మాత్రం వీళ్లకి ఎవరూ చెప్పరు. పని చేసేవాళ్లు ఎంత ముఖ్యమో, ఆ పనిని చూసి సరిచూసేవాళ్లూ అంతే ముఖ్యం.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. ఈరోజు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి కోడ్ కరువు లేదు. వచ్చిన కోడ్‌ని, వచ్చిన బగ్ రిపోర్టుని, వచ్చిన అనువాదాన్ని కూర్చుని చూసేవాళ్ల కరువు ఉంది. మనవాళ్లు అడుగుపెట్టాల్సింది అక్కడ.

టీషర్ట్ కోసం ఒకటి, గ్రీన్ స్క్వేర్ కోసం ఒకటి

హ్యాక్టోబర్‌ఫెస్ట్ గుర్తుంది కదా? అక్టోబర్‌లో నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్ట్. 2020లో ఏమైందంటే, టీషర్ట్ కోసం జనం రీడ్‌మీ ఫైళ్లలో ఒక పదం మార్చి, ఒక కామా పెట్టి, పుల్ రిక్వెస్టులు కుప్పలుగా పంపారు. అవన్నీ చదివి మూసేయలేక మెయింటెయినర్లు మొత్తుకున్నారు. చివరికి నిర్వాహకులు ఆ అక్టోబర్ మొదటి వారంలోనే రూల్ మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకి మాత్రమే లెక్క అన్నారు.

పాఠం నేర్చుకున్నామా అంటే, లేదు. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ ప్రాజెక్టుకి ఇదే తలనొప్పి. పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో చూపించే ఒక ట్యుటోరియల్‌లో ఆ ప్రాజెక్టునే ఉదాహరణగా వాడారు. చూసినవాళ్లు చూసినట్టే వెళ్లి, దాని రీడ్‌మీలో తమ పేరు రాసి పంపడం మొదలుపెట్టారు. అందులో ఎక్కువమంది మన దేశం కుర్రాళ్లే. వాళ్ల మీద నాకు కోపం లేదు. పుల్ రిక్వెస్ట్ నొక్కడం నేర్పారు తప్ప, అవతల దాన్ని తెరిచి చదివే మనిషి ఒకరుంటారని ఎవరూ నేర్పలేదు.

పుల్ రిక్వెస్ట్ పంపడానికి మీకు ఐదు నిమిషాలు పట్టొచ్చు. దాన్ని చదివి, బిల్డ్ చేసి, ఇంకేమీ విరగలేదని చూసుకోవడానికి అవతలి మనిషికి గంట పట్టొచ్చు. ఆ గంట వాళ్ల ఆఫీస్ అయ్యాక, పిల్లల్ని పడుకోబెట్టాక దొరికిన గంట. మీ ఐదు నిమిషాలు సాయమా, భారమా అన్నది దీన్నిబట్టి తేలుతుంది.

మీ ఫోన్‌లో తెలుగు ఎవరి పుణ్యం?

“ఇదంతా ప్రోగ్రామర్ల గొడవ, మాకెందుకు?” అనుకుంటే, మీ ఫోన్ వైపు ఒకసారి చూడండి. ఆండ్రాయిడ్‌లో తెలుగు అక్షరాలకి వత్తులు, గుణింతాలు సరైన చోట కూర్చోబెట్టేది హర్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ కూడా దాన్నే వాడతాయి. ప్రాసెసర్ గురించి, కెమెరా గురించి గంటలు గంటలు కొట్టుకుంటాం కానీ, ‘స్త్రీ’ అనే మాటని విరిగిపోకుండా స్క్రీన్ మీద చూపించేది ఇదని ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు.

ఈ పని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో ఐఫోన్ వాడినవాళ్లకి తెలుసు. ఒక తెలుగు అక్షరం వస్తే మెసేజింగ్ యాప్‌లు క్రాష్ అయ్యాయి. మామూలుగా రాసే ‘జ్ఞా’తో ఇబ్బంది లేదు. ‘జ్ఞ’కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు చేరితేనే ఆ సమస్య. ఆ గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. బెంగాలీ, దేవనాగరిలో కూడా అలాంటి కాంబినేషన్లు కొన్ని ఉన్నాయని తర్వాత తేలింది. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వదిలి సరిచేసింది. అప్పుడు ప్రపంచమంతా మన అక్షరం గురించే మాట్లాడుకుంది.

అందులో తప్పు అక్షరానిది కాదు. తెలుగు టెక్స్ట్‌ని అన్ని రకాలుగా టెస్ట్ చేసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అది. పైగా ఐఓఎస్‌లో ఆ భాగం క్లోజ్డ్ సోర్స్. బయటివాళ్లు రిపోర్ట్ చేసి కూర్చోవాల్సిందే. హర్ఫ్‌బజ్ లాంటి వాటిలో ఎవరైనా కోడ్ తెరిచి చూడొచ్చు, టెస్ట్ కేస్ పంపొచ్చు. అవకాశం తెరిచే ఉంది. వాడుకునేవాళ్లు కావాలి.

అర సెకను ఆలస్యం బయటపెట్టిన సంగతి

రెండో సంతకం లేకపోతే ఏం జరుగుతుందో తెలియాలంటే ఎక్స్‌జెడ్ కథ తెలియాలి. ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ దాదాపు ప్రతి లినక్స్ సిస్టమ్‌లో ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని నడిపింది ప్రధానంగా ఒకే మనిషి, లాస్సే కాలిన్. జీతం లేదు. 2021లో జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి, ప్యాచ్‌లు పంపుతూ, మర్యాదగా సాయం చేస్తూ దగ్గరయ్యారు. 2022లో మరికొన్ని అకౌంట్లు ఊడిపడ్డాయి. “అప్‌డేట్లు ఎందుకు రావట్లేదు? మీ వల్ల కాకపోతే ఇంకొకరికి ఇవ్వండి” అనే ధోరణిలో ఒత్తిడి మొదలుపెట్టాయి. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది జీతం లేకుండా చేస్తున్న హాబీ ప్రాజెక్ట్ అని కాలిన్ వివరించాల్సి వచ్చింది. చివరికి జియా టాన్ చేతికి మెయింటెయినర్ హక్కులు వెళ్లాయి.

2024 మొదట్లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో సర్వర్లలోకి దొంగదారి పెట్టేసి ఉంది. డెబియన్, ఫెడోరాల టెస్టింగ్ వెర్షన్ల దాకా అది చేరిపోయింది కూడా. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రోయిండ్ వేరే ఏదో టెస్ట్ చేసుకుంటూ, సర్వర్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేంటి అని తవ్వితే మొత్తం బయటపడింది. 2024 మార్చి 29న ఆయన ఆ సంగతి లోకానికి చెప్పారు. తీవ్రత స్కోర్ పదికి పది ఇచ్చారు.

ఇందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి, దొంగదారిని పనిచేయించే కీలకమైన ముక్క అందరూ చూసే సోర్స్ రిపాజిటరీలో లేదు. విడుదల కోసం తయారుచేసిన ప్యాకేజీలో మాత్రమే ఉంది. అంటే డన్ బై, చెక్డ్ బై రెండూ ఒకరి చేతిలోనే ఉన్నాయి. రెండు, దాడి మొదలైంది కోడ్‌తో కాదు, అలసిపోయిన ఒక మనిషి మీద ఒత్తిడితో. “ఎప్పుడొస్తుంది బ్రో?” అని మనం సరదాగా పెట్టే కామెంట్‌కీ, ఆ దొంగ అకౌంట్ల కామెంట్లకీ మెయింటెయినర్ కుర్చీలోంచి చూస్తే పెద్ద తేడా కనిపించదు.

కస్టమ్ రామ్‌లు వాడేవాళ్లకి ఇది బాగా తెలిసిన వ్యవహారమే. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పాత ఫోన్‌ని బతికించేది లీనియేజ్ ఓఎస్ లాంటివే. అందులో మీ మోడల్‌కి బిల్డ్‌లు వస్తున్నాయంటే దాన్ని చూసుకునే మెయింటెయినర్ ఉన్నట్టు. వాళ్లు తప్పుకుని, ఇంకెవరూ ముందుకు రాకపోతే ఆ మోడల్‌కి బిల్డ్‌లు ఆగిపోతాయి. ఫోన్‌లో హార్డ్‌వేర్ బాగానే ఉంటుంది, చూసుకునే మనిషే ఉండరు.

సరే, ఏం చేయాలి?

ప్రాజెక్ట్ నడపడంలో సాయపడాలంటే ముందు చేయాల్సిన పనులు ఇవి. వీటిలో చాలావాటికి కోడింగ్ కూడా అక్కర్లేదు.

ఇతరుల బగ్‌ని మీ ఫోన్‌లో తిరిగి తెప్పించండి. ఏ ప్రాజెక్ట్ ఇష్యూల పేజీ తెరిచినా “యాప్ పనిచేయట్లేదు” అని ఒక్క లైన్ రాసి వెళ్లిపోయినవి కనిపిస్తాయి. ఒకటి తీసుకోండి. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, యాప్ వెర్షన్, ఏం నొక్కితే ఏమైంది, అసలు ఏం కావాలి అన్నది వరుసగా రాయండి. “నా ఫోన్‌లో కూడా వస్తోంది, ఈ మూడు స్టెప్పులకి ప్రతిసారీ వస్తోంది” అనే కామెంట్ మెయింటెయినర్‌కి బంగారం. “నా దగ్గర రావట్లేదు, ఫలానా వెర్షన్‌లో సరిపోయినట్టుంది” అన్నదీ అంతే విలువైనది. డూప్లికేట్లు కనిపిస్తే పాత ఇష్యూ లింక్ ఇవ్వండి. లాగ్ ఫైల్ పెట్టేముందు అందులో మీ ఫోన్ నంబర్, మెయిల్ ఐడీ లాంటివి తీసేయండి.

తెలుగుని టెస్ట్ చేయండి. మిగతా ప్రపంచం చేయలేని, మనం మాత్రమే చేయగలిగిన పని ఇది. ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకి తగ్గట్టు గీసిన బటన్‌లో ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ రాస్తే కింది వత్తులు తెగిపోతున్నాయా? ఫాంట్ సైజ్ పెద్దది పెడితే ఏమవుతోంది? ‘సాఫ్ట్‌వేర్’ అని రెండు రకాలుగా టైప్ చేసి, అంటే మధ్యలో ఆ కనిపించని గుర్తు పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి వెతికితే ఒకే ఫలితాలు వస్తున్నాయా? ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి ఆరు యూనికోడ్ గుర్తులు. అక్షరాల పరిమితి పెట్టిన యాప్ దాన్ని మధ్యలో కోసేస్తోందా? వీటిని స్క్రీన్‌షాట్‌తో, కాపీ చేసుకోగలిగే టెక్స్ట్‌తో కలిపి పంపండి. తెలుగు రాని డెవలపర్‌కి ఏది తప్పో, ఎలా ఉండాలో రెండూ పక్కపక్కన చూపించాలి.

అనువాదాల్ని సమీక్షించండి. తెలుగులో కంప్యూటర్ అన్నది కొత్త కల కాదు. స్వేచ్ఛ పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ 2005లోనే విడుదలైంది. ఫైర్‌ఫాక్స్ లాంటి ప్రాజెక్టుల్లో ఎవరైనా తెలుగు మాటలు సూచించొచ్చు. కానీ సూచన అలాగే వెళ్లిపోదు, అనుమతి ఉన్న సమీక్షకులు ఆమోదించాలి. వాళ్లు లేకపోతే ఎంత మంచి అనువాదమైనా క్యూలోనే ఉండిపోతుంది. ‘సెట్టింగ్‌లు’ అనాలా, ‘అమరికలు’ అనాలా అని కొట్టుకోవడం కంటే, ప్రాజెక్టులో ఇప్పటికే ఏ మాట వాడుతున్నారో చూసి, అంతటా ఒకటే ఉండేలా చూడటం ఎక్కువ ఉపయోగం. మీ అమ్మకి ఆ స్క్రీన్ చూపించండి. ఆమెకి అర్థమైతే అనువాదం పాసైనట్టే.

రివ్యూ చేయండి. వేరేవాళ్ల పుల్ రిక్వెస్ట్‌ని మీ మెషీన్‌లో బిల్డ్ చేసి, వాడి చూసి, ఫలితం రాయండి. లినక్స్ కెర్నల్‌లో ప్యాచ్ రాసినవాళ్ల పేరుతోపాటు ‘రిపోర్టెడ్ బై’, ‘టెస్టెడ్ బై’, ‘రివ్యూడ్ బై’ అనే పేర్లు కూడా చరిత్రలో శాశ్వతంగా ఉండిపోతాయి. మన ఫార్మా కంపెనీల రెండో సంతకం లాంటిదే అది. రెజ్యూమెలో పెట్టుకోవడానికి రీడ్‌మీలో పేరు కంటే వంద రెట్లు నయం.

‘ప్లీజ్ అసైన్ మీ’ ఆపేయండి. కొత్తవాళ్ల కోసం గుర్తుపెట్టిన ఇష్యూ కింద పది మంది ఆ ఒక్క మాటే రాసి మాయమవడం చూస్తూనే ఉన్నాం. ముందు కాంట్రిబ్యూషన్ రూల్స్ చదవండి. సమస్య మీకేం అర్థమైందో, ఎలా సరిచేద్దామనుకుంటున్నారో రెండు లైన్లు రాయండి. తీసుకున్నాక చేయలేకపోతే “నా వల్ల కావట్లేదు, ఇక్కడిదాకా వచ్చాను” అని చెప్పి వదిలేయండి. షిఫ్ట్ మారేటప్పుడు లాగ్‌బుక్‌లో రాసి అప్పగించినట్టే. చెప్పకుండా వెళ్లిపోతేనే ఇబ్బంది.

సెక్యూరిటీ లోపం దొరికితే అందరికీ కనిపించేలా పెట్టొద్దు. ప్రాజెక్ట్ సెక్యూరిటీ పాలసీలో చెప్పిన దారిలో రహస్యంగా పంపండి. సరిచేసేదాకా సోషల్ మీడియాలో కాలర్ ఎగరేయొద్దు.

ఏఐతో రాసి పంపితే?

వాడొచ్చు, ప్రాజెక్ట్ రూల్స్ ఒప్పుకుంటే. కానీ మీరు చదివి అర్థం చేసుకోనిది పంపకండి. కర్ల్ ప్రాజెక్టుని నడిపే డేనియల్ స్టెన్‌బెర్గ్ 2025లో బహిరంగంగానే విసుక్కున్నారు. ఏఐ తయారుచేసిన, చూడటానికి గంభీరంగా ఉండి లోపల ఏమీ లేని సెక్యూరిటీ రిపోర్టులు వాళ్ల టైమంతా తినేస్తున్నాయని. ఏఐ వచ్చాక డన్ బై సంతకం ఇంకా చవకైపోయింది. అందుకే చెక్డ్ బై విలువ ఇంకా పెరిగింది. రివ్యూలో మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగితే, చాట్‌బాట్‌ని అడక్కుండా జవాబు చెప్పగలరా? చెప్పలేకపోతే ఆ కోడ్ ఇంకా మీది కాదు.

తాళాలు ఎవరికివ్వాలి?

ఎక్స్‌జెడ్ తర్వాత చాలామంది మెయింటెయినర్లకి ఒక భయం పట్టుకుంది. “సాయం చేస్తా” అని వచ్చినవాళ్లు ఎవరో ఏంటో! ఈ భయం న్యాయమైనదే. కాబట్టి ఆరు నెలలు పనిచేసినా మెర్జ్ హక్కులు ఇవ్వలేదని అలగొద్దు. మొదట ఇష్యూలకి లేబుల్స్ పెట్టే హక్కు, తర్వాత రివ్యూ, ఆ తర్వాత మెర్జ్, అన్నిటికంటే ఆఖర్న రిలీజ్. మెట్టు మెట్టుగా వెళ్లడమే మంచిది. మీరే చిన్న ప్రాజెక్ట్ నడుపుతుంటే, టూ ఫ్యాక్టర్ లాగిన్ తప్పనిసరి చేయండి. ఇంకొకరు చూడకుండా ఎవరూ మెర్జ్ చేయకూడదని రూల్ పెట్టండి, మీకు కూడా అదే వర్తించాలి. రిలీజ్ ఎలా చేయాలో కాగితం మీద ఉండాలి, ఒకరి బుర్రలో కాదు.

“మరి అంత అనుమానంతో మంచివాళ్లు పారిపోరా?” అని అడగొచ్చు. కొందరు పారిపోతారు. కానీ రూల్ అందరికీ ఒకటే అయినప్పుడు అది అవమానంలా ఉండదు. బ్యాచ్ రికార్డ్‌లో పక్కవాళ్లు సంతకం పెడుతున్నారంటే మిమ్మల్ని దొంగ అన్నట్టు కాదు కదా.

ఊరికే ఎందుకు చేయాలి?

ఇది అసలు ప్రశ్న, దీన్ని దాటేసి వెళ్లడం నాకిష్టం లేదు. ముత్తంగి, ఇస్నాపూర్ లాంటి చోట ఒక గది అద్దెకి తీసుకుని, కంపెనీలో షిఫ్ట్ చేస్తూ చదువుకునే కుర్రాడికి “ఉచితంగా పనిచెయ్, అనుభవం వస్తుంది” అని చెప్పడం సులువు. ఆ సాఫ్ట్‌వేర్ మీద వేల కోట్లు సంపాదించే కంపెనీలకి ఆ మాట ఎవరూ చెప్పరు. ఓపెన్ సోర్స్ మీద బతికే కంపెనీలు దాని మెయింటెయినర్లకి డబ్బులివ్వాలి. ఇది దానం కాదు, వాడుకున్నదానికి ఖర్చు. 2014లో హార్ట్‌బ్లీడ్ బయటపడ్డాక గానీ, ఓపెన్ ఎస్ఎస్ఎల్‌ని ఎంత తక్కువమంది, ఎంత తక్కువ డబ్బుతో నడుపుతున్నారో పెద్ద కంపెనీలకి గుర్తురాలేదు.

కాలేజీలకీ ఒక మాట. సెమిస్టర్‌కి ఇన్ని పుల్ రిక్వెస్టులు అని లెక్క పెట్టి మార్కులు వేస్తే మీకు వచ్చేది రీడ్‌మీలో పేర్లే. ఒక మంచి బగ్ రిపోర్ట్, ఒక నిజమైన రివ్యూ, ఒక టెస్ట్ కేస్ చూపించమనండి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ లాంటి వాటిలో స్టైపెండ్ ఉంటుంది. 2022 నుంచి అది విద్యార్థులకే కాదు, ఓపెన్ సోర్స్‌లో కొత్తగా అడుగుపెట్టే ఎవరికైనా తెరిచి ఉంది. అక్కడ సీటు రావాలన్నా, ముందే ఆ ప్రాజెక్టులో మీరు నాలుగు నెలలు నిలకడగా కనిపించి ఉంటే దానికున్న బలం వేరు.

మీ వరకు మీరు ఒక హద్దు పెట్టుకోండి. వారానికి రెండు గంటలు చాలు. పరీక్షలుంటే మానేయండి, కానీ చెప్పి మానేయండి. రాత్రంతా మేల్కొని ఒక నెల ఊగిపోయి మాయమయ్యేవాళ్ల కంటే, ఆదివారం రెండు గంటలు ఏడాది పాటు వచ్చేవాళ్ల మీదే ప్రాజెక్టులు నిలబడతాయి.

మొదలుపెట్టడానికి పెద్ద ప్లాన్ అక్కర్లేదు. మీ ఫోన్‌లో రోజూ వాడే ఓపెన్ సోర్స్ యాప్ ఒకటి ఎంచుకోండి. వీఎల్‌సీ కావచ్చు, ఫైర్‌ఫాక్స్ కావచ్చు, ఎఫ్‌-డ్రాయిడ్‌లో దొరికిన చిన్న నోట్స్ యాప్ కావచ్చు. ఫోన్ భాష తెలుగులోకి మార్చి ఒక వారం వాడండి. ఎక్కడ వత్తు తెగిందో, ఎక్కడ అర్థం మారిందో రాసుకోండి. ఆదివారం ఇష్యూల పేజీ తెరిచి, ముందే ఎవరైనా చెప్పారేమో వెతకండి. చెప్పి ఉంటే మీ వివరాలు చేర్చండి, లేకపోతే కొత్తది రాయండి. జవాబు రావడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఆ లోపు “ఎప్పుడు బ్రో?” అని మాత్రం అడగకండి. వాళ్ల పేజీలో ఇంకో బగ్ తీసుకుని, అది మీ ఫోన్‌లో వస్తుందో లేదో చూసి చెప్పండి.